లెస్టర్‌లో బ్యాంకు ఖాతా ఆగిపోయింది: ఆ బ్యాంకు అంత చెడ్డదా, ఫిర్యాదు చేస్తే పనవుతుందా?

కొత్తగా చదివేవాళ్ల కోసం ముందు విషయం క్లుప్తంగా చెబుతాను. ప్రశ్న అడిగిన తమ్ముడు లెస్టర్‌లో ఉంటున్నాడు. మాస్టర్స్ పూర్తిచేసి గ్రాడ్యుయేట్ వీసా మీద గిడ్డంగిలో ఉద్యోగం చేస్తున్నాడు. ఇల్లు మారడానికి డిపాజిట్ కట్టాల్సి వచ్చి, వాట్సాప్ గ్రూపులో ఒకతనితో మాట్లాడుకున్నాడు. నల్గొండలో వాళ్ల నాన్నగారు హైదరాబాద్‌లోని ఎవరిదో ఖాతాలో రెండు లక్షల పైచిలుకు రూపాయలు వేశారు. బదులుగా ఇక్కడ ఇతని ఖాతాలో ముగ్గురు వేర్వేరు మనుషుల పేర్ల నుంచి 1,800 పౌండ్లు పడ్డాయి. మూడో రోజు ఖాతా ఆగిపోయింది. నెల జీతం కూడా అందులోనే ఇరుక్కుంది. పన్నెండు రోజులుగా ఫోన్ చేసినా, బ్రాంచికి వెళ్లినా "రివ్యూలో ఉంది, మేం ఏమీ చెప్పలేం" అనే ఒక్క మాటే వస్తోంది. ఆన్‌లైన్‌లో చూస్తే ఆ బ్యాంకు కింద అన్నీ ఒక్క స్టార్ రివ్యూలే. బ్యాంకు నిజంగా అంత చెడ్డదా, ఫిర్యాదు చేస్తే లాభం ఉందా, చేస్తే వీసాకు ఇబ్బంది వస్తుందా అన్నవి ప్రశ్నలు.

నేను ఈ దేశంలో ఒక పెద్ద బ్యాంకు ఫిర్యాదుల విభాగంలో తొమ్మిదేళ్లు పనిచేశాను. ఇలా ఆగిపోయిన ఖాతాల ఉత్తరాలు వందల్లో చదివాను. వాటిలో మన పిల్లలవి చాలానే ఉండేవి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఈరోజే చేయాల్సిన పని ఒకటుంది. మీ కంపెనీలో జీతాలు చూసేవాళ్లకు ఇప్పుడే మెయిల్ పెట్టి, వచ్చే జీతం ఈ ఖాతాకు పంపవద్దని చెప్పండి. ఖాతా ఆగి ఉన్నా బయటి నుంచి డబ్బు వచ్చి పడగలదు, మీరు తీయలేరు అంతే. ఈ చిన్న విషయం తట్టక రెండో జీతం కూడా అందులోనే వేయించుకున్నవాళ్లను చూశాను. వేరే ఖాతా తెరవగలిగితే తెరవండి. అంతవరకు జీతం ఆపి ఉంచమని అడగవచ్చు. ఇంటి యజమానికి కూడా విషయం రాతలో చెప్పండి. అద్దె ఆలస్యమైతే ఆ మెయిలే తర్వాత మీకు సాక్ష్యం అవుతుంది.

ఇక బ్యాంకు ఎందుకు నోరు విప్పడం లేదన్న సంగతి. మన ఊళ్లో బ్యాంకుతో గొడవ వస్తే తెలిసినవాళ్లను వెంటబెట్టుకుని మేనేజరుగారి ముందు కూర్చుంటాం. ఆయన ఫైలు తెప్పించి చూస్తాడు, ఏదో ఒకటి చెబుతాడు. ఇక్కడ ఆ అలవాటు పనికిరాదు. బ్రాంచిలో కౌంటరు దగ్గరున్న అమ్మాయికి మీ ఖాతా ఎందుకు ఆగిందో నిజంగానే తెలియదు. ఆమె స్క్రీన్ మీద "వేరే విభాగం చూస్తోంది" అన్నంతవరకే కనిపిస్తుంది. కారణం తెలిసిన ఉద్యోగులకేమో చెప్పే హక్కు లేదు. 2002 నాటి ప్రొసీడ్స్ ఆఫ్ క్రైమ్ చట్టం ప్రకారం, ఖాతాలోకి వచ్చిన డబ్బు నేరం ద్వారా వచ్చిందేమోనన్న అనుమానం కలిగితే బ్యాంకు నేషనల్ క్రైమ్ ఏజెన్సీకి రిపోర్టు ఇవ్వాలి. రిపోర్టు ఇచ్చామన్న సంగతి ఖాతాదారుకు చెప్పి దర్యాప్తుకు అడ్డం పడితే అది నేరం, ఉద్యోగి జైలుకు కూడా వెళ్లవచ్చు. ఆ డబ్బు కదిలించడానికి బ్యాంకు అనుమతి అడిగితే ఏజెన్సీకి ఏడు పనిదినాల గడువు ఉంటుంది. ఏజెన్సీ వద్దంటే ఇంకో 31 రోజులు ఆగాలి, కోర్టు ద్వారా అంతకన్నా ఎక్కువ కాలం కూడా పొడిగించవచ్చు. మీ విషయంలో అలాంటి రిపోర్టు వెళ్లిందో లేదో నేను చెప్పలేను. మీకు వినిపిస్తున్న మౌనం మాత్రం సరిగ్గా అలాంటి కేసుల్లో వినిపించే మౌనమే.

అనుమానం ఎందుకు వచ్చి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. మీకు పౌండ్లు పంపిన ఆ ముగ్గురు ఎవరో మీకు తెలియదు. ఈ రూపాయి-పౌండు మార్పిడి బేరాల్లో తరచూ జరిగేది ఏమిటంటే, ఇక్కడ మోసపోయిన ఎవరిదో డబ్బు మీ ఖాతాలోకి వస్తుంది. అద్దె ఇల్లు ఇప్పిస్తామనో, పన్ను బాకీ ఉందనో నమ్మించి ఏ పెద్దావిడ దగ్గరో కొట్టేసిన సొమ్ము అది. ఆవిడ తన బ్యాంకుకు చెబుతుంది, ఆ బ్యాంకు మీ బ్యాంకుకు చెబుతుంది. మీ నాన్నగారు కష్టపడి కూడబెట్టిన రూపాయలు హైదరాబాద్‌లో మోసగాడి మనిషికి చేరతాయి. ఇక్కడ మీరు దొంగసొమ్ము అందుకున్న మనిషిగా కనిపిస్తారు. దీన్నే ఇక్కడ మనీ మ్యూల్ అంటారు. మన విద్యార్థుల గ్రూపుల్లో "బ్యాంకు రేటు కంటే రెండు రూపాయలు లాభం" అని ఈ పని ఎంత మామూలుగా జరుగుతోందో చూస్తుంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది. పైగా ఇండియాలో ఫెమా చట్టం ప్రకారం విదేశీ మారకం అధీకృత సంస్థల ద్వారానే జరగాలి. ఇక్కడ డబ్బు మార్చే, పంపే వ్యాపారం చేసేవాళ్లు ప్రభుత్వం దగ్గర నమోదు కావాలి. వాట్సాప్ మనిషికి ఆ రెండూ ఉండవు.

కాబట్టి బ్యాంకు "ఈ డబ్బు ఎక్కడిది" అని అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పండి. "ఫ్రెండు చేబదులు తీర్చాడు", "మామయ్య గిఫ్టు ఇచ్చారు" అని కథలు చెప్పవద్దు. గ్రూపుల్లో అలా చెప్పమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, వినకండి. నేను చూసిన కేసుల్లో మొదట అబద్ధం చెప్పి తర్వాత నిజం చెప్పినవాళ్ల మాటను మళ్లీ ఎవరూ నమ్మలేదు. మీ నాన్నగారు డబ్బు వేసిన రసీదు, ఆ వాట్సాప్ సంభాషణ మొత్తం, అద్దె ఒప్పందం, జీతం స్లిప్పులు ఒకచోట పెట్టుకోండి. సంభాషణ డిలీట్ చేయకండి. మీరు మోసపోయారని చూపించేది అదే. పోలీసుల నుంచి పిలుపు వస్తే మాత్రం ఒంటరిగా వెళ్లకుండా ముందు ఒక సొలిసిటర్‌తో మాట్లాడండి. అలాంటి పిలుపు వచ్చినప్పుడు ఉచితంగా న్యాయ సలహా పొందే హక్కు మీకుంది.

ఇప్పుడు ఫిర్యాదు సంగతి. చేయండి, తప్పకుండా చేయండి. కానీ దేని మీద చేస్తున్నారో తెలిసి చేయండి. "నా ఖాతా ఎందుకు ఆపారు" అని ఫిర్యాదు చేస్తే, చట్టప్రకారం తనిఖీ చేసే హక్కు మాకుంది అని ఒక ముక్కలో జవాబు వస్తుంది. ఆ జవాబు చాలాసార్లు సరైనదే కూడా. కానీ పన్నెండు రోజులుగా ఒక్క కాగితం కూడా అడగకుండా ఊరుకున్నారు, నా జీతం ఈ వివాదంతో సంబంధం లేనిదని స్లిప్పులు చూపిస్తానన్నా వినలేదు, ఎన్నిసార్లు ఫోన్ చేసినా తిరిగి చేస్తామని చేయలేదు, అద్దె కట్టలేక ఇబ్బందిలో ఉన్నానని చెప్పినా సాయం గురించి ఒక్క మాట లేదు అంటే అది వేరే ఫిర్యాదు. తనిఖీ చేసే హక్కు బ్యాంకుకు ఉంది. అనవసరంగా సాగదీసే హక్కు లేదు. ఇలాంటి కేసుల్లో ఖాతాదారుకు ఏమైనా దక్కితే అది ఎక్కువగా ఈ ఆలస్యం మీదే దక్కుతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. మీరు ఇప్పటివరకు చేసింది ఫిర్యాదుగా నమోదు కాకపోయి ఉండవచ్చు. పన్నెండు రోజుల్లో తొమ్మిదిసార్లు ఫోన్ చేశానన్నారు. ఒక్కసారైనా "ఇది కంప్లయింట్, నమోదు చేసి నంబరు ఇవ్వండి" అన్నారా? ఎంత కోపంగా అడిగినా, ఏడ్చినా, అవతలివాళ్లు దాన్ని మామూలు ఎంక్వయిరీగా రాసేసుకునే అవకాశం ఉంది. రూలు ప్రకారం కస్టమరు అసంతృప్తి చెబితే అదే ఫిర్యాదు, ఆ పదం వాడాల్సిన అవసరం లేదు. కానీ రోజుకు వంద ఫోన్లు ఎత్తే మనిషికి ఆ పదం వినిపిస్తేనే చెయ్యి సరైన బటన్ మీదకు వెళుతుంది. ఫిర్యాదుగా నమోదైన క్షణం నుంచి గడియారం మొదలవుతుంది. చెల్లింపులకు సంబంధించిన ఫిర్యాదైతే 15 పనిదినాల్లో, ప్రత్యేక కారణాలుంటే 35 పనిదినాల్లో తుది జవాబు ఇవ్వాలి. మిగతావాటికి ఎనిమిది వారాలు. పోల్చుకోవడానికి చెబుతున్నాను, మన దగ్గర రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లే ముందు బ్యాంకుకు 30 రోజులు ఇవ్వాలి కదా, అలాంటిదే ఇది.

ఆ తుది జవాబును ఫైనల్ రెస్పాన్స్ అంటారు. అది నచ్చకపోయినా, గడువు దాటినా రాకపోయినా, బ్యాంకులకూ ఖాతాదారులకూ మధ్య తగువులు తీర్చే ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ సర్వీస్‌కు వెళ్లవచ్చు. జవాబు వచ్చిన తేదీ నుంచి ఆరు నెలల్లోపు వెళ్లాలి. ఈ ఆరు నెలలు మర్చిపోయి హక్కు పోగొట్టుకున్నవాళ్లున్నారు, క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి. మీకు ఒక్క పెన్నీ ఖర్చు ఉండదు. కేసుకు వందల పౌండ్ల రుసుము కట్టేది బ్యాంకు, అది కూడా గెలిచినా ఓడినా. అందుకే "మీ తరఫున పోరాడతాం, వచ్చినదాంట్లో వాటా ఇవ్వండి" అనే కంపెనీల అవసరం మీకు లేదు. మొదట ఒక ఇన్వెస్టిగేటర్ రెండు వైపులా విని అభిప్రాయం చెబుతారు. ఎవరికైనా నచ్చకపోతే అంబుడ్స్‌మన్ తుది నిర్ణయం ఇస్తారు. దాన్ని మీరు ఒప్పుకుంటే బ్యాంకు కట్టుబడి తీరాలి. మీరు ఒప్పుకోకపోతే కోర్టు దారి ఉంటుంది. మీ కేసులో దీనికి ఇంకో ప్రయోజనం ఉంది. మీకు చెప్పలేని కారణాలను బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రహస్యంగా చూపించగలదు. అంటే ఆ మౌనం వెనక నిజంగా కారణం ఉందా, లేక ఫైలు ఎవరి టేబుల్ మీదో పడి ఉందా అని చూసే మనిషి ఒకరు దొరుకుతారు.

ఎంత వస్తుందని ఆశపడాలో కూడా చెప్పాలి. మానసిక ఇబ్బందికి అంబుడ్స్‌మన్ ఇప్పించే మొత్తాలు చిన్నవి. చిన్న పొరపాటుకు 100 పౌండ్ల లోపు, కొన్ని రోజులు, వారాలు ఇబ్బంది పెడితే 100 నుంచి 300, అంతకు మించిన కష్టానికి 750 దాకా, చాలా తీవ్రమైతే వేలల్లో. చేతి నుంచి పోయిన ఖర్చులు వేరు. ఆలస్యపు రుసుము, అప్పు మీద వడ్డీ లాంటివి కాగితాలతో చూపిస్తే వాటిని విడిగా చూస్తారు. లక్షలు వస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇక రివ్యూల సంగతి. హైస్ట్రీట్ బ్యాంకులంటే ఊళ్లో ప్రధాన వీధిలో బ్రాంచీలు ఉన్న పాత పెద్ద బ్యాంకులు. బార్‌క్లేస్, లాయిడ్స్, హెచ్‌ఎస్‌బీసీ, నాట్‌వెస్ట్, శాంటాండర్ లాంటివి. వీటిలో ఏ బ్యాంకు పేరు కొట్టినా తిట్లే కనిపిస్తాయి. అబద్ధపు తిట్లని నేను అనను. రాసినవాళ్ల కష్టం నిజమే. కానీ జీతం పడి, కార్డు గీకి, బస్సెక్కి ఇంటికెళ్లిన కోట్ల మంది ఆ రోజు రివ్యూ రాయరు. ఖాతా ఆగినవాడే రాస్తాడు. కొత్త యాప్ బ్యాంకులు ఖాతా తెరిచిన ఆనందంలో ఉండగానే "రివ్యూ ఇస్తారా" అని అడుగుతాయి, కాబట్టి వాటికి అయిదు స్టార్లు ఎక్కువ. ఖాతాలు ఆపడం అక్కడా ఉంది. మీకు జరిగింది ఏ బ్యాంకులోనైనా జరిగి ఉండేది, ఎందుకంటే చట్టం అందరికీ ఒకటే.

నిజంగా పోల్చి చూడాలంటే మూడు చోట్ల చూడవచ్చు. బ్యాంకుల నియంత్రణ సంస్థ ఫైనాన్షియల్ కండక్ట్ అథారిటీ ఏడాదికి రెండుసార్లు, ఏ బ్యాంకుకు ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, వెయ్యి ఖాతాలకు ఎన్నో, వాటిలో ఎన్నింట్లో బ్యాంకే తప్పు ఒప్పుకుందో ప్రచురిస్తుంది. మొత్తం సంఖ్య చూడకండి, పెద్ద బ్యాంకుకు ఎప్పుడూ ఎక్కువే ఉంటాయి. వెయ్యి ఖాతాల లెక్క చూడండి. అంబుడ్స్‌మన్ కూడా అర్ధ సంవత్సరానికోసారి, తన దగ్గరికి వచ్చిన కేసుల్లో ఏ బ్యాంకు మీద ఎంత శాతం ఖాతాదారు వైపు తేలాయో చెబుతుంది. నాకు అన్నిటికంటే నమ్మకమైన అంకె ఇదే. బ్యాంకు "మా తప్పేం లేదు" అని పంపించేసిన ఫిర్యాదుల్లో ఎన్ని నిజమైనవో ఈ శాతం చెబుతుంది. మూడోది, 2018 నుంచి ప్రతి ఫిబ్రవరి, ఆగస్టుల్లో వచ్చే సర్వే. "మీ స్నేహితులకు, ఇంట్లోవాళ్లకు ఈ బ్యాంకును సిఫారసు చేస్తారా" అని ఖాతాదారులను అడిగి ర్యాంకులు ఇస్తారు. పోటీ నియంత్రణ సంస్థ ఆదేశం కాబట్టి ఆ ఫలితాన్ని బ్రాంచిలోనే అతికించాలి. ఈసారి వెళ్లినప్పుడు గోడ మీద చూడండి.

జనం అభిప్రాయం ఎలా మారుతుందో చెప్పడానికి టీఎస్‌బీ కథ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఆ సమయంలో ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 2018 ఏప్రిల్‌లో ఒక వారాంతంలో ఆ బ్యాంకు తన 52 లక్షల మంది ఖాతాదారుల వివరాలను పాత యజమాని లాయిడ్స్ కంప్యూటర్ల నుంచి కొత్త యజమాని సబాడెల్ వ్యవస్థలోకి మార్చింది. సోమవారం పొద్దునకు లక్షల మంది తమ ఖాతాలోకి వెళ్లలేకపోయారు. కొందరికి వేరేవాళ్ల ఖాతాలు కనిపించాయి. జీతాలు, ఇంటి అప్పు వాయిదాలు, చిన్న దుకాణాల లావాదేవీలు అన్నీ చిక్కుపడ్డాయి. గందరగోళం చూసి మోసగాళ్లు దిగారు. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని ఫోన్ చేసి దోచుకున్నారు. సుమారు 1,300 మంది అలా డబ్బు పోగొట్టుకున్నారని ఆ బ్యాంకు అధిపతే పార్లమెంటు కమిటీకి చెప్పారు. ఆ సెప్టెంబరులో ఆయన పదవి వదిలేశారు. ఏడాదిలోపు వచ్చిన ఫిర్యాదులు 2,25,492. పరిహారంగా బ్యాంకు కట్టింది 3.27 కోట్ల పౌండ్లు. 2022 డిసెంబరులో నియంత్రణ సంస్థలు వేసిన జరిమానా 4.86 కోట్ల పౌండ్ల పైన.

ఆ ఏడాది ఎవరైనా నన్ను అడిగితే ఆ బ్యాంకు జోలికి వెళ్లవద్దనే చెప్పేవాణ్ణి. కానీ తర్వాత జరిగింది చూడండి. 2019 ఏప్రిల్‌లో అదే బ్యాంకు, మోసపోయిన అమాయక ఖాతాదారులకు డబ్బు తిరిగి ఇస్తామని హామీ ప్రకటించింది. మిగతా పెద్ద బ్యాంకులు "మీ చేతులతో మీరే పంపారు కదా" అంటున్న రోజులవి. మన ఫిర్యాదులకు విలువ ఉందా అని అడిగేవాళ్లకు ఈ దారి మొత్తం చెబుతుంటాను. 2016 సెప్టెంబరులో విచ్ అనే వినియోగదారుల సంస్థ ఈ మోసాల మీద చెల్లింపుల నియంత్రణ సంస్థకు పెద్ద ఫిర్యాదు ఇచ్చింది. 2019 మేలో బ్యాంకుల స్వచ్ఛంద నియమావళి వచ్చింది. 2024 అక్టోబరు 7 నుంచి అది తప్పనిసరి రూలు అయింది. ఈ దేశంలోని ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మోసపోయి పంపిన డబ్బును 85,000 పౌండ్ల దాకా బ్యాంకు తిరిగి ఇవ్వాలి. మామూలుగా అయిదు పనిదినాల్లో ఇవ్వాలి, విచారణ అవసరమైతే గడువు పెరుగుతుంది. ఆ భారాన్ని పంపిన బ్యాంకు, అందుకున్న బ్యాంకు చెరిసగం భరిస్తాయి. ఎనిమిదేళ్లు పట్టింది. ఆ ఎనిమిదేళ్లలో ఫిర్యాదు రాసిన ప్రతి ముసలాయన, ప్రతి విద్యార్థి ఉత్తరం అందులో ఉంది. నా టేబుల్ మీదుగా వెళ్లినవి కూడా ఉన్నాయి.

ఈ రూలు మీకు రెండు విధాలుగా తగులుతుంది. ఒకటి, అందుకున్న బ్యాంకు కూడా సగం కట్టాలి కాబట్టి, అనుమానం వచ్చిన డబ్బును మీ బ్యాంకు ఇప్పుడు మునుపటికంటే తొందరగా ఆపుతుంది. మీలాంటివాళ్ల ఖాతాలు ఆగడం వెనక ఇది కూడా ఒక కారణమని నా అభిప్రాయం. రెండు, మీ నాన్నగారు ఇండియాలో పోగొట్టుకున్న రూపాయలకు ఈ రూలు వర్తించదు. అది ఈ దేశం లోపలి చెల్లింపులకే. ఆ రూపాయల కోసం నాన్నగారు వెంటనే తన బ్యాంకుకు చెప్పి, 1930కు ఫోన్ చేసి సైబర్ క్రైమ్ ఫిర్యాదు ఇవ్వాలి. ఎంత తొందరగా ఇస్తే అంత మంచిది.

బ్యాంకు మారమన్న స్నేహితుల సలహాకు నా జవాబు: ఇప్పుడు కాదు. ఏడు పనిదినాల్లో ఖాతా మార్చే కరెంట్ అకౌంట్ స్విచ్ సర్వీస్ మంచిదే, కానీ ఆగిపోయిన ఖాతాకు అది పనిచేయదు. విషయం తేలాక నిదానంగా మారవచ్చు. ఒకే బ్యాంకు మీద ఆధారపడవద్దన్నది మాత్రం ఎవరికైనా చెబుతాను. 2023 జనవరి నుంచి రెండేళ్లలో తొమ్మిది పెద్ద సంస్థల్లో కలిపి కనీసం 803 గంటలు, అంటే 33 రోజులు, సేవలు ఆగాయని పార్లమెంటు ట్రెజరీ కమిటీ లెక్క తేల్చింది. వారం ఖర్చులకు సరిపడా డబ్బు వేరే బ్యాంకులో ఉంచుకోవడం ఈ రోజుల్లో అవసరం.

వీసా గురించి భయపడకండి. బ్యాంకు మీద ఫిర్యాదు చేసినందుకు వీసాలు చూసే హోం ఆఫీసుకు ఏమీ వెళ్లదు, క్రెడిట్ స్కోరు తగ్గదు. ఫిర్యాదు వేరు, డబ్బు ఎక్కడిదన్న దర్యాప్తు వేరు. ఫిర్యాదు చేశారని దర్యాప్తు గట్టిపడదు, చేయలేదని మెత్తబడదు.

నన్ను కలవరపెట్టేది వీసా కంటే సిఫాస్. అది బ్యాంకులు, ఫోన్ కంపెనీలు కలిసి నడుపుకునే మోసాల సమాచార సంస్థ. మీ ఖాతాను తప్పుడు పనికి వాడారని బ్యాంకు అనుకుంటే అక్కడ మీ పేరు మీద గుర్తు పెడుతుంది. అది ఆరేళ్లు ఉండవచ్చు. ఆ గుర్తు ఉంటే కొత్త ఖాతా దొరకడం, అప్పు దొరకడం, కొన్నిసార్లు ఫోన్ కాంట్రాక్టు కూడా కష్టం. చాలామందికి గుర్తు పెట్టిన సంగతి తెలియదు. మూడు బ్యాంకులు కాదన్నాక అనుమానం వస్తుంది. అందుకే ఇప్పుడే సిఫాస్ వెబ్‌సైటులో మీ వివరాలు చూపించమని అడగండి. ఉచితం, నెలలోపు జవాబు ఇవ్వాలి. గుర్తు ఉంటే దాన్ని పెట్టిన బ్యాంకు మీద ముందు ఫిర్యాదు చేయాలి, వాళ్లు తీయకపోతే సిఫాస్‌కు, ఆ తర్వాత అంబుడ్స్‌మన్‌కు. ఈ గుర్తు పెట్టడానికి ఊరికే అనుమానం చాలదు. పోలీసులకు ధైర్యంగా చూపించగలిగేంత స్పష్టమైన ఆధారం బ్యాంకు దగ్గర ఉండాలి. మీరు తెలిసి చేయలేదని మీ వాట్సాప్ సంభాషణ చూపిస్తే తీయించుకునే అవకాశం ఉంది. తీయించుకున్నవాళ్లను చూశాను.

ఉత్తరం ఎలా రాయాలో కూడా చెబుతాను. ఒకే రోజు నా దగ్గరికి వచ్చిన రెండు ఫిర్యాదులు ఇప్పటికీ గుర్తున్నాయి. ఒకటి అయిదు పేజీలు. మొదటి నుంచి చివరిదాకా కోపం, ఒక్క తేదీ లేదు. రెండోది అర పేజీ. కేర్ హోమ్‌లో పనిచేసే ఒకావిడ రాసింది. ఏ తేదీన ఫోన్ చేసింది, ఎవరు ఏం చెప్పారు, ఏ తేదీకి అద్దె తప్పింది, యజమాని వేసిన 25 పౌండ్ల రుసుము, దాని కాగితం. రెండు కష్టాలూ ఒకటే. ఆవిడ కేసు ఆ మధ్యాహ్నమే తేలింది. మొదటాయనకు మేం తేదీలు అడుగుతూ మూడు వారాలు ఉత్తరాలు రాశాం.

కాబట్టి ఇలా రాయండి, ఇంగ్లీషులో పెట్టుకోండి: "ఇది నా ఫిర్యాదు. ఫలానా తేదీన నా ఖాతా ఆపారు. ఫలానా తేదీల్లో తొమ్మిదిసార్లు ఫోన్ చేశాను, రెండుసార్లు బ్రాంచికి వచ్చాను. నన్ను ఏ వివరాలూ అడగలేదు. ఖాతాలోకి వచ్చిన 1,800 పౌండ్ల గురించి నాకు తెలిసినదంతా, సంభాషణతో సహా, జతచేశాను. ఫలానా తేదీన పడింది నా జీతం, స్లిప్పు జతచేశాను. తనిఖీ కొనసాగినా నా జీతం వరకు విడుదల చేయమని కోరుతున్నాను. అద్దె తప్పింది, యజమాని మెయిల్ జతచేశాను. తనిఖీలో అనవసరమైన ఆలస్యాన్ని పరిశీలించి, ఫిర్యాదు నంబరు, తుది జవాబు రాతపూర్వకంగా ఇవ్వండి." ఇంతే. జీతం విడుదల చేసి తీరాలని చట్టం లేదు, కానీ స్లిప్పులు చూసి విడుదల చేసిన సందర్భాలు నాకు తెలుసు. అడగనివాళ్లకు మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

సోషల్ మీడియాలో పెట్టాలనుకుంటే ఖాతా నంబరు, ఫోన్ నంబరు, పుట్టిన తేదీ ఏవీ పెట్టకండి. బ్యాంకు పేరుతో ఉన్న నకిలీ ఖాతాలు అలాంటి పోస్టుల కోసమే కాచుకుని ఉంటాయి. "మీ ఖాతా తెరిపిస్తాం, 200 పౌండ్లు పంపండి" అని మెసేజ్ వస్తే అది ఇంకో మోసం. సాయం కావాలంటే లెస్టర్‌లోనే సిటిజన్స్ అడ్వైస్ అనే సలహా సంస్థ ఉంది, ఉచితం.

మెయిల్ ఈ రాత్రికే పంపండి. నంబరు రాగానే తేదీతో సహా ఇక్కడ రాయండి, గడువు ఎప్పటితో ముగుస్తుందో లెక్కేసి చెబుతాను. సిఫాస్ జవాబు వచ్చాక అందులో మీ పేరు, చిరునామా దాచి, ఏ కేటగిరీ అని ఉందో ఆ ఒక్క లైను పెట్టండి. దాన్నిబట్టి రెండో ఉత్తరం ఎలా రాయాలో చూద్దాం.